నీలిపూస గుండుసూది

మా అమ్మాయి ఎక్కే బస్సు ఐదు నిమిషాలు ఆలస్యమైతే చాలు, నేను మనసులోనే ఆసుపత్రికి వెళ్ళి, అక్కడినుంచి సమాధుల తోటకు వెళ్ళి, ఏడ్చి, ఇంటికి తిరిగొచ్చేస్తాను. ఈలోపు అది గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "ఈ పూట నన్నెక్కడ పాతిపెట్టావమ్మా?" అంటుంది. నవ్వొస్తుంది. భయం మాత్రం పోదు.

అది బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు పనికి చేరినప్పుడు, ప్రార్థన చేసుకోకుండా యంత్రం దగ్గరికి వెళ్ళనని నా మీద ఒట్టు వేయించుకున్నాను. మా మందిరంలో ఆడవాళ్ళెవరూ తల కప్పుకోకుండా ప్రార్థనకు నోరు తెరవరు. ముసుగు లేని ప్రార్థన మూత లేని పాలగిన్నె అనేది మా అత్తగారు. అందుకని తెల్లబట్టతో మూరెడు ముసుగు కుట్టి, దాని పని కోటు జేబులో పెట్టాను. రెండోరోజే ఫిర్యాదు చేసింది, "జారిపోతోందమ్మా" అని. నాకు బెంగ పట్టుకుంది. సగంలో జారిపోతే ఆ సగం ప్రార్థన పైకి చేరదేమో, చేరనిరోజే దాని చెయ్యి యంత్రంలో పడుతుందేమో. నేను పనిచేసే కుట్టుగదిలోంచి నీలిపూస ఉన్న గుండుసూది ఒకటి తెచ్చి ముసుగు అంచుకు గుచ్చాను.

"లోపలికి సూది తేకూడదని పెద్ద బోర్డు పెట్టారమ్మా."

"హాల్లోకి కాదు కదే, బట్టలు మార్చుకునే గదిలోనేగా. దేవుడికోసం పెట్టుకునే సూది ఎవర్ని గుచ్చుతుందే?"

మా కుట్టుగదిలో నా మిషను పక్క మిషను ఆపాది. వాళ్ళల్లో అక్కని ఆపా అంటారు. పదకొండేళ్ళుగా మోచేయికి మోచేయి తగిలేలా కూర్చుని స్కూలు యూనిఫారాలు కుడుతున్నాం. నేను ప్రతిదానికీ భయపడి చస్తానని నన్ను 'పిరికి చెల్లీ' అని పిలుస్తుంది. ఆవిడ కూతురు కూడా మా అమ్మాయితోపాటే ఆ ఫ్యాక్టరీలో, ఆ బల్ల దగ్గరే పని. ఒకచోట కాలు నిలవదని ఆ పిల్లని అందరూ తూనీగ అంటారు. మా అమ్మాయి ముసుగూ, తూనీగ తలకు చుట్టుకునే రుమాలూ ఒకే తానులో మిగిలిన ముక్కలే. మాది ప్రార్థన అయ్యాక మడిచి జేబులో పెట్టేది. వాళ్ళది చెవులూ మెడా కప్పి, గడప దాటితే తీయనిది.

ఆ ఫ్యాక్టరీలో తల కప్పుకోకపోతేనే తప్పు. ఒక్క వెంట్రుక బిస్కెట్లో పడకూడదని అందరికీ వలటోపీ ఇస్తారు. గేటు దగ్గర నిలబడి టోపీలు చూసే సూపర్వైజరుకి టోపీసారని పేరు. ఆయనది నున్నటి గుండు, దానిమీదా వలే. "చేపలు లేని చెరువుకి వల ఎందుకు సార్?" అని తూనీగ ఒకసారి అనేసిందట. అందరూ నవ్వారట, ఆయన తప్ప.

తూనీగ రుమాలు మీద వలటోపీ పెట్టుకునేది. రుమాలుకి సూదులుంటే కుదరదని టోపీసారు మొదట్లోనే అన్నాడు. ఆపా మర్నాడే రుమాలు తెచ్చి నా ముందు పడేసింది.

"గడ్డం కింద ఎలాస్టిక్ వెయ్యి చెల్లీ. నేనైతే వంకరటింకరగా కుడతాను. నీ కుట్టు చచ్చినా ఊడదు."

వేశాను. రెండు వరసలు వేశాను.

ఒక మంగళవారం ప్యాకెట్లలో లోహం ఉంటే పట్టుకునే యంత్రం కూసిందట. ప్యాకెట్ చించితే బిస్కెట్ల మధ్య గుండుసూది. నీలిపూసది. హాల్లో నలభైమంది ఉన్నారు. టోపీసారు చూపు మాత్రం తిన్నగా తూనీగ మీదికే వెళ్ళింది.

"తలకి గుడ్డ చుట్టుకునేది నువ్వొక్కదానివే."

"నాకు సూదే లేదు సార్, ఎలాస్టిక్ చూడండి."

"ఇవాళ ఎలాస్టిక్. నిన్న?"

విచారణ అయ్యేదాకా రావద్దని గేటు బయటికి పంపేశారు.

మా అమ్మాయి ఇంటికొచ్చి ఇదంతా చెబుతుంటే నా చెయ్యి దానంతటదే దాని కోటు జేబులోకి వెళ్ళింది. ముసుగు ఉంది, సూది లేదు. ట్రే సర్దడానికి వంగినప్పుడు జారి ఉంటుంది. దాని మొహం చూశాను. అప్పటికే దానికి తెలుసు.

"రేపు చెప్పేస్తానమ్మా."

"నోరెత్తావంటే నా శవాన్ని చూస్తావు. ఒకటో తారీఖుకి నీ ఉద్యోగం పర్మినెంటు. ఇప్పుడు చెబితే గెంటేస్తారు, పోలీసుల్ని పిలుస్తారు, పేపర్లో ఫొటో వేస్తారు. ఆ సూది ఎవరైనా పిల్లాడి గొంతులో పడుంటే ఏమయ్యేదో తెలుసా?"

"పడలేదుగా."

"తూనీగ చెయ్యలేదని వాళ్ళకే తెలుస్తుంది. నాలుగురోజులు ఓపిక పట్టు."

మర్నాడు ఆపా మిషను తొక్కకుండా నావైపు తిరిగి కూర్చుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నువ్వొకసారి ఫ్యాక్టరీకి రా చెల్లీ. ఎలాస్టిక్ నువ్వే కుట్టావని, ఆనాటినుంచీ అది సూది ముట్టలేదని ఒక్క మాట చెప్పు చాలు."

"నువ్వే చెప్పొచ్చుగా ఆపా."

"నేను గుమ్మంలో నిలబడగానే వాళ్ళు జవాబు చెప్పేస్తారు, ఇంకా అడగకముందే. నీ మాటైతే వింటారు. మీది ఆదివారం ముసుగు. దాన్ని చూసి ఎవరికీ భయం లేదు."

"ఆఫీసులంటే నాకు కాళ్ళు వణుకుతాయని నీకు తెలియదా? రేపు చూద్దాంలే."

ఆ రేపు వచ్చింది. తల నొప్పన్నాను. ఇంకో రేపు వచ్చింది. అర్జెంటు పని ఉందన్నాను. ఆపా ఇక అడగలేదు. చొక్కా చేతులకు పట్టీ కుడుతూ సూదుల డబ్బాలోంచి ఒకటి తీసి, వెలుతురుకి పట్టుకుని చూసింది. నీలిపూసది.

"అచ్చం ఇలాంటిదే చూపించాడు ఆ టోపీ ఆయన. నాకే అనుమానమొచ్చింది చెల్లీ. ఇక్కడిదేదో నా బట్టలకి అంటుకుని ఇంటికొచ్చిందేమో, మా పిల్ల తీసి పెట్టుకుందేమో అని. నిజం చెప్పవే అని చెంప మీద కొట్టాను. ఇరవై ఏళ్ళ పిల్లని. పుట్టాక మొదటిసారి."

నేను మిషను గట్టిగా తొక్కాను. ఆ చప్పుడులో ఏ మాటకీ జవాబు చెప్పక్కర్లేదు.

శుక్రవారం గేటుకి కాగితం అంటించారు. హాల్లో కంపెనీ టోపీ తప్ప తలమీద ఏ గుడ్డా ఉండకూడదని. రుమాలు తీస్తే రావచ్చని తూనీగకి కబురు పంపారు. ఆ పిల్ల తీయనంది. పని పోయింది.

ఆ రాత్రి మా అమ్మాయి అన్నం ముట్టలేదు. పొద్దున కోటు జేబులోంచి ముసుగు తీసి నా మంచం మీద పెట్టింది.

"ప్రార్థన చేసుకోవా?" అన్నాను.

"ఏ మొహంతో చేసుకోమంటావు?" అని వెళ్ళిపోయింది.

ఎక్కడికెళ్ళి ఏం చెబుతుందో తెలుసు. ఆ రోజంతా నేను కుట్టినవన్నీ వంకరే. సాయంత్రం బస్సు గంట ఆలస్యమైంది. పోలీసు స్టేషను, జైలు, వీధిలో సామాన్లు, అన్నీ చూసేశాను. అది గుమ్మంలో చెప్పులు విడిచింది. ఎక్కడ పాతిపెట్టావని అడగలేదు.

"ఏమన్నారే? తీసేశారా?"

"టోపీసారు నవ్వాడు. మీ అమ్మకి భక్తి ఎక్కువనుకుంటా, ఇకమీద జాగ్రత్తగా ఉండమను అన్నాడు. నిజం ఒప్పుకున్నానని మెచ్చుకున్నాడు కూడా. ఒకటో తారీఖు మార్పేమీ లేదట."

గుండెలమీంచి కుంపటి దించినట్టయింది. ఆ హాయికి నాకే సిగ్గేసింది, కానీ హాయి హాయే.

"మరి తూనీగని పిలుస్తారా?"

"సూది సంగతి వేరు, రూలు సంగతి వేరు అన్నాడు. రూలు వచ్చేసిందిగా, ఇప్పుడేం చేయలేం అన్నాడు." కోటు విప్పి గోడకు తగిలించింది. "అట్నుంచి వాళ్ళింటికి వెళ్ళొచ్చాను. అంతా చెప్పాను. నువ్వు నన్ను నోరెత్తొద్దన్న సంగతి కూడా."

మొదటిరోజే నేను దాని నోరు నొక్కకపోతే ఆ నవ్వు బుధవారమే నవ్వేవాడు. కాగితం పుట్టేదే కాదు. నేను భయపడ్డదేదీ మా ఇంటికి రాలేదు. ఆపా ఇంటికి వెళ్ళింది.

సోమవారం ఆపా ఎప్పటి వేళకే వచ్చింది. ఎప్పటిలాగే మిషను మీది దుమ్ము తుడుచుకుంది. నేను ఎక్కించిన దారమే తీసి మళ్ళీ ఎక్కించాను. చివరికి, "భయమేసింది ఆపా," అన్నాను.

"నీ ఒక్కదానికేనా భయముండేది?" అంది. మొహం ఇటు తిప్పలేదు. పిరికి చెల్లీ అని కూడా అనలేదు.

కాసేపయ్యాక సంచిలోంచి తూనీగ రుమాలు తీసి నా బల్లమీద పెట్టింది.

"ఈ ఎలాస్టిక్ విప్పెయ్. చెవుల దగ్గర ఒరుసుకుపోయింది పిల్లకి. ఇంట్లో కూర్చునేదానికి ఇంత బిగువెందుకు? ఎప్పుడైనా బయటికెళ్తే సూది పెట్టుకుంటుంది."

బ్లేడు తీసుకుని మొదలుపెట్టాను. నా కుట్టు నిజంగానే ఊడదు. రెండు వరసలు. బట్ట ఎక్కడ చిరుగుతుందోనని ఒక్కో పోగే బ్లేడు మొనతో ఎత్తి తెంపాను. మధ్యాహ్నం బెల్లు కొట్టారు, అందరూ తినడానికి లేచారు. ఆపా తన డబ్బా తీసుకుని వెళ్ళి, కిటికీ పక్క బల్ల దగ్గర, వేరేవాళ్ళతో కూర్చుంది. నాకింకా ఒక వరస మిగిలే ఉంది.