రెండో సీసా

బీరంతా సీసాల్లోకి పట్టేశాక, డ్రమ్ము అడుగున మిగిలిన మడ్డిని క్లెమ్ ట్రెవోరో గుండ్రంగా తిప్పుతున్నాడు. పొద్దున్నే బడి గదులన్నీ తుడిచి వచ్చి, పని చొక్కా కూడా మార్చుకోకుండా షెడ్డులోకి దూరాడు. అరవై దాటిన పొడుగాటి మనిషి. భుజాలు ముందుకు వాలిపోయాయి, అరచేతులు కాయలు కాశాయి. ఆస్ట్రేలియాలోని ఈ పీటర్‌బరో ఊళ్ళో సగం మంది అతను తుడిచిన గదుల్లోనే చదువుకున్నారు. అతని పేరు తెలిసినవాళ్ళు మాత్రం తక్కువే.

బీరును పులియబెట్టే ఈస్టు ఆ మడ్డిలోనే ఉంటుంది. కాచి చల్లార్చిన నీళ్ళు పోసి కడగాలి. కాసేపు కదపకుండా ఉంచితే చెత్త అడుగుకు దిగి, పైన పాలలాంటి నీళ్ళు నిలుస్తాయి. ఆ నీళ్ళను రెండు సీసాల్లోకి వంచుకోవాలి. ఒకటి తన ఫ్రిజ్‌లోకి, రెండోది పక్కింటి మెర్వ్ ఫ్రిజ్‌లోకి. అసలు ఆ ఈస్టు మెర్వ్‌దే. క్లెమ్ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు ఇచ్చాడు. అప్పటినుంచీ ప్రతి బీరుకీ దాన్నే కడిగి, దాన్నే మళ్ళీ వేస్తున్నారు.

"రెండూ ఒకే ఫ్రిజ్‌లో పెట్టేవాడంత వెధవ ఇంకోడుండడురా," అనేవాడు మెర్వ్. "అది చెడిందనుకో, ఏడుస్తూ కూచోవాలి."

రెండిళ్ళ మధ్య రేకుల కంచెకు నడుమ, రైలు పట్టాల కింది పాత దుంగ ఒకటి పాతి ఉంది. క్లెమ్ కొత్త సీసా దాని మీద పెడితే, మెర్వ్ అది తీసుకుని పాతది కడిగి అక్కడ ఉంచేవాడు. చేతులు వణకడం మొదలయ్యాక అతను బీరు కాయడం మానేశాడు గానీ, సీసా తీసుకోవడం మానలేదు. రోజూ సాయంత్రం ఇద్దరూ ఆ దుంగకు చెరోవైపు నిలబడి నాలుగు తిట్లు తిట్టుకునేవారు. క్లెమ్‌కు రోజు మొత్తంలో మాటలంటే అవే.

ఇవాళ మెర్వ్‌ను అడిలైడ్‌లోని వృద్ధుల వసతికి తీసుకుపోవడానికి కూతురు లియాన్ వచ్చింది. చలికాలం పోయేదాకానే అని మెర్వ్ ఊరందరికీ చెప్పుకున్నాడు.

కిటికీలోంచి ఆమె కారు డిక్కీ తెరవడం కనబడింది. అటే చూస్తూ క్లెమ్ గిన్నె అందుకుని మడ్డిలో పోశాడు. ఆవిరి మొహానికి కొట్టింది. బల్ల మీద రెండు గిన్నెలున్నాయి. ఒకటి చల్లార్చిన నీళ్ళు, రెండోది సీసాలు కడగడానికి ఇప్పుడే మరిగించినవి. పోసింది మరిగినవి. ఉడికిన పిండి వాసన షెడ్డంతా నిండింది. ఇన్నేళ్ళుగా బతికించుకొచ్చిన దాన్ని తన చేత్తోనే ఉడకబెట్టేశాడు. తన ఫ్రిజ్‌లో దాచినది ఈ బీరుకే వాడేశాడు. ఇక మిగిలింది మెర్వ్ ఫ్రిజ్‌లో ఉన్న సీసా ఒక్కటే.

అది అడిగి తెచ్చుకుందామనే వెళ్ళాడు. మెర్వ్ అప్పటికే కారు ముందు సీట్లో, మోకాళ్ళ మధ్య కర్ర పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏరా, ఈసారన్నా బీరులా ఉందా, గుర్రం ఉచ్చేనా?"

"నువ్వు నేర్పిందేగా. ఉచ్చే."

"ఇద్దరికీ సిగ్గు లేదు," అంది లియాన్. "బాబాయ్, తాళం వేసేస్తున్నా. లోపల నీకేమన్నా కావాలా? నాన్న ఫ్రిజ్ కూడా ఆపనివ్వట్లేదు."

"ఎందుకాపడం? చలికాలం పోగానే వస్తాగా," అన్నాడు మెర్వ్.

క్లెమ్ నోరు తెరిచాడు. మెర్వ్ అతని మొహంలోకే చూస్తున్నాడు. ఇప్పుడా సీసా అడగడమంటే, నువ్విక తిరిగి రావురా అని మొహం మీద చెప్పడమే.

"ఏం వద్దమ్మాయ్," అన్నాడు. "వీడు వచ్చేస్తాడుగా."

లియాన్ తాళం వేసింది. కారు కదులుతుండగా మెర్వ్ అద్దం దించాడు. "దుంగ మీదికి పిల్లులెక్కుతున్నాయి. కాస్త చూస్తూ ఉండు."

ఈ వీధిలో పిల్లులెక్కడివిరా అనేలోపు కారు మలుపు తిరిగింది. క్లెమ్ ఇంట్లోకి వచ్చి, తినబుద్ధి గాక రొట్టె ముక్క అలాగే వదిలేశాడు. ఏడుపొచ్చింది. ఈస్టు కోసమో, మెర్వ్ కోసమో అతనికే తెలియలేదు.

సాయంత్రం కాళ్ళు అలవాటుగా కంచె దగ్గరికి లాక్కుపోయాయి. దుంగ మీద సీసా ఉంది. తిరిగొచ్చే ఆలోచనే ఉంటే మెర్వ్ దాన్ని తన ఫ్రిజ్‌లోనే ఉంచుకునేవాడు. అందరికీ ఒక మాట చెప్పి, వణికే చేతులతో పొద్దున్నే తెచ్చి ఇక్కడ పెట్టాడు.

షెడ్డులోకి తెచ్చి మూత తిప్పితే, సీసా చిన్నగా గాలి వదిలింది. బతికే ఉంది. క్లెమ్ దాన్ని బాగా ఊపి, సగం తన సీసాలోకి వంచి ఫ్రిజ్‌లో పెట్టాడు. మిగతా సగం చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు. రెండూ ఒకే ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ఊళ్ళో ఇంకెవరి తలుపు కొట్టొచ్చా అని ఆలోచించాడు. ఒక్క పేరూ తట్టలేదు.

మళ్ళీ కంచె దగ్గరికి నడిచాడు. అవతల, తాళం వేసిన వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమంటూనే ఉంది. సీసాను దుంగ మీద పెట్టి వెనక్కి తిరిగాడు. చీకటి పడేవేళకు అందులోని తెలుపు మెల్లగా అడుగుకు దిగుతోంది.