డాక్టరమ్మ పాడు నోరు

ముక్కు ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరంటే, ఆయన కింద పనిచేసే డాక్టరమ్మకు ఒళ్ళు మంట. ఆయన చేతిలో పనితనం ఉంది, కాదనదు. ఆ చేతిని చూసుకుని ఆయన మురిసిపోయే తీరుకే ఆవిడకు చిర్రెత్తేది. ఆపరేషన్ వీడియోలను పెళ్లి వీడియోల్లా వచ్చినవాళ్లందరికీ వేసి చూపించేవాడు.

ఒకరోజు కార్లకు రంగులేసే మనిషి ఒకడు అక్కను వెంటబెట్టుకుని వచ్చాడు. అతనికి ముక్కులో రెండు పక్కలా కండలు పెరిగి, నోటితో తప్ప ఊపిరాడటం లేదు. పైగా ఉబ్బసం. తలనొప్పి మాత్ర వేసుకున్నా ఆయాసమే. ఇదివరకు వేరేచోట ఆ కండలు తీయించుకుంటే ఏడాది తిరక్కుండా మళ్ళీ పెరిగాయి. స్కాన్‌లో గాలి ఉండాల్సిన చోటల్లా మూసుకుపోయి కనిపించింది.

"ఆపరేషన్ చేస్తే గాలాడుతుంది. జబ్బు మాత్రం పోదు," అంది డాక్టరమ్మ. "ఈ కండలూ, ఉబ్బసమూ, మాత్ర పడకపోవడమూ కలిసి ఉన్నవాళ్లకి తిరగబెట్టడమే ఎక్కువ. రోజూ ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవాలి, స్ప్రే మానకూడదు."

అక్క ముఖం మాడ్చుకుంది. "మీ నోట మంచి మాటే రాదా తల్లీ?"

అప్పుడే లోపలికొచ్చిన పెద్ద డాక్టరు పగలబడి నవ్వాడు. "ఈవిడ జాతకాలు చెబుతుందిలే అమ్మా! నేనొకసారి శుభ్రం చేశాక ఇంక మందూ మాకూ ఎందుకు?"

ఆపరేషనయ్యాక రంగుల మనిషి బిస్కెట్ల డబ్బాతో వచ్చాడు. సబ్బు వాసన తెలుస్తోందని కళ్ళనీళ్లు పెట్టుకున్నాడు. డాక్టరమ్మ స్ప్రే సంగతి అడిగితే, "ఎప్పుడో పారేశానండీ," అన్నాడు. పెద్ద డాక్టరు మీసం దువ్వుకున్నాడు.

చలికాలం రాగానే మళ్ళీ నోరు తెరుచుకుని రొప్పుతూ దిగాడు. పెద్ద డాక్టరు ఇసుమంతైనా తడబడలేదు. "మందులు సరిగ్గా వాడి ఉండవు నువ్వు. ఏం పర్లేదు, ఇంకోసారి చేద్దాం."

ఎంత సిగ్గులేని మనిషి! గోడకు తగిలించిన పట్టాలకైనా చెమట పడుతుందేమో గానీ ఆయనకు పట్టదు. అంతకంటే ఘోరం, అక్కాతమ్ముళ్లిద్దరూ బుద్ధిగా తలూపారు. పైగా అక్క డాక్టరమ్మ వైపు తిరిగి, "ఆ రోజు మీరట్లా అనకపోతే ఇంతదాకా వచ్చేదా?" అంది.

బుర్రలేని మనుషులు, అనుకుంది డాక్టరమ్మ. కానీ అతన్ని గుమ్మంలో చూడగానే తన మనసు 'చెప్పలేదూ?' అని గంతేసిన సంగతి గుర్తొచ్చింది. ఊపిరాడని మనిషిని చూసి సంబరపడటమా! తన మీద తనకే రోత పుట్టింది.

పెద్ద డాక్టరు వెళ్ళిపోయాడు. అక్క ఆపరేషన్ తారీఖు అడగడానికి బయటికెళ్ళింది. రంగుల మనిషి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"డాక్టరమ్మా, ఆ ముక్కు కడుక్కునేదెలాగో ఓసారి చూపిస్తారా? మా అక్కతో అనకండి. పెద్దాయనతో అసలే అనొద్దు."

ఆవిడ ఉప్పునీళ్ల సీసా అతని చేతికిచ్చి, తల వంచమంది. మొదటి విడతలో సగం నీళ్లు ఆవిడ తెల్లకోటు మీదే పోశాడు.