పెద్దాయనంటే ఎవరు

మదనపల్లె కోర్టులో అమ్మకొక లాయరు, నాయనకొక లాయరు. మధ్యలో నలిగేది మాత్రం ఏడేళ్ల చంద్రిక. ఆ పిల్ల తరఫున మాట్లాడమని జడ్జిగారు అశ్వినిని నియమించారు. పిల్లకు లాయరేమిటని తోటి లాయర్లు నవ్వారు. నవ్వితే నల్లకోటుకు చిల్లేమీ పడదులే అనుకుంది అశ్విని.

చంద్రిక తల్లి రాజేశ్వరి పుంగనూరులో పాలకేంద్రం ఉద్యోగి. పిల్ల ఆమె దగ్గరే ఉంటుంది. తండ్రి గంగాధర్ కుప్పం అవతల, రామకుప్పం దగ్గరి పల్లెలో రాగి పండిస్తాడు. నెలకు రెండు రోజులు పిల్లను తన ఊరికి తీసుకుపోయేవాడు. ఆ రెండు రోజులూ ఇక వద్దని రాజేశ్వరి కేసు వేసింది. పిల్లతో మాట్లాడిన కౌన్సెలర్ ఇంగ్లీషులో ఒక రిపోర్టు ఇచ్చింది. పొద్దుగూకితే తాత వస్తాడని ఈ పిల్ల వణికిపోతోంది, తాతకు దూరంగా ఉంచాలి అని. తాతంటే గంగాధర్ తండ్రి, బుంగమీసాల ఈశ్వరప్ప. నాలుగు నెలలుగా ఆ ముసలాయన మనవరాలి మొహం చూడలేదు.

అశ్విని కూడా రిపోర్టు నమ్మేసింది. అంతేనా, పిల్లను కలవకముందే తన అభిప్రాయం టైపు చేయించేసింది కూడా! తీరా సంతకం దగ్గర చెయ్యి ఆగింది. ఎవరి తరఫున మాట్లాడాలో ఆ మొహమే చూడలేదే! ఛీ, నా చదువు తగలెయ్య అని తిట్టుకుని, శనివారం పొద్దున్నే పుంగనూరు బస్సెక్కింది.

రాజేశ్వరిని వసారాలో కూర్చోమని, తను లోపల చంద్రిక పక్కన చాప మీద కూర్చుంది.

“తాతంటే అంత బయమా అమ్మా?”

“తాతా? తాతంటే బయమేంది?”

“పొద్దుగూకితే వస్తాడని చెప్పినావంట కదా.”

“వచ్చేది పెద్దాయనక్కా! సేనంతా తొక్కేస్తాడు. రాగులన్నీ తినేస్తాడు.”

“ఆ పెద్దాయన ఎవురు మరి?”

చంద్రిక గుసగుసగా, “తొండముంటాదే, ఆయన! పేరు పెట్టి పిలిస్తే ఇంటికాడికే వచ్చేస్తాడంట. మా ఊర్లో ఎవురూ పేరు చెప్పరు” అంది.

ఏనుగు! అశ్వినికి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. పెద్దాయనంటే ఎవరని ఒక్క మాట అడక్కుండా తాతను తీసుకెళ్లి ఏనుగు స్థానంలో నిలబెట్టారు.

“అయితే ఆడికి పోతావా?”

“తాత కావల్ల, నాయన కావల్ల. కానీ రాగులు కోతకొచ్చేటప్పుడు నేను పోను. వాళ్లే ఈడికి రావల్ల. ఎవురూ అడగలే నన్ను.”

బయటికొచ్చి అశ్విని రాజేశ్వరిని సూటిగానే అడిగింది. “ఎనిమిదేండ్లు ఆడ కాపరం చేసినావు. పెద్దాయనంటే ఎవురో నీకు తెలీదా?”

రాజేశ్వరి కళ్లు నీళ్లతో నిండాయి. “లాయరు సార్ రిపోర్టు చదివి చెప్పినప్పుడే తెలిసిందక్కా. చెప్తే పాపను మళ్లా పంపాల. ఆ రెండు దినాలు నాకు ముద్ద దిగదు.”

అశ్వినికి జాలేసింది. జాలిపడి నోరు మూసుకుంటే ఇక ఆ పిల్లకు తనెందుకు? “సోమవారం నేను చెప్తా రాజేశ్వరీ. నీ మీద కోపంతో కాదు. నేను పాప లాయర్ని” అంది.

సోమవారం కోర్టులో పెద్దాయనంటే ఏనుగని అశ్విని చెప్పడం పూర్తికాకముందే రాజేశ్వరి లాయరు సాయిప్రసాద్ లేచాడు. “మేడం తండ్రి పక్షం చేరిపోయారు!”

“తండ్రికి నచ్చని మాట కూడా ఉంది, వినండి సార్.” రాగి కోతల కాలంలో తండ్రే పుంగనూరు రావాలన్న పిల్ల కోరిక చెప్పింది.

గంగాధర్ ఉలిక్కిపడ్డాడు. “పంటకు కావిలి ఎవురుంటారమ్మా?”

“అది మీరు సూసుకోవల్లప్పా. పాప మాట ఇది.”

జడ్జిగారు చంద్రికను తన గదిలోకి పిలిపించి పది నిమిషాలు మాట్లాడారు. బయటికొచ్చి, పిల్ల అడిగినట్టే ఉత్తర్వు ఇచ్చారు.

వరండాలో ఈశ్వరప్ప గోడవారగా, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. దగ్గరికి రావడానికి ఇంకా జంకుతున్నాడు. చంద్రికే పరుగెత్తుకెళ్లి తువ్వాలు లాగేసింది. బుంగమీసం ఉండాల్సిన చోట నున్నటి పెదవి కనిపించింది.

“తాతా, మీసం యాడికి పాయె?”

“దాన్ని సూసి బయపడతాండావేమో అని... తీసేస్తినమ్మా.”

చంద్రిక ఆ పెదవిని వేలితో తడిమి చూసింది. “బాగలే తాతా. మళ్లా పెంచు.”