ఎడమ పక్క కిటికీ సీటు

"మొక్క మంచిగ ఎదిగింది. వంటింటి గాలి పడ్డది దానికి" అన్నాడు శివకుమార్, ఖాళీ చాయ్ గ్లాసు గట్టు మీద పెడుతూ. పెండ్లయిన ఇరవై ఏండ్లలో అతను వంటింటి గాలిని మెచ్చుకోవడం అదే మొదలు. ఆండాళు టిఫిన్ డబ్బాకు మూత పెడుతూ మొక్కను చూసింది. నిజమే. నెలలో బెత్తెడు పొడుగైంది.

అది సక్యులెంట్, ఆకుల్లోనే నీళ్లు దాచుకునే రకం. మందపాటి ఆకులు గులాబీ పువ్వు లెక్క గుండ్రంగా పేర్చినట్టుంటాయి. చిలుకూరు బడిలో ఆండాళుతో పాటు పాఠాలు చెప్పే జానమ్మ పుట్టినరోజుకని ఇచ్చింది. ఆ పుట్టినరోజు ఇంట్లో ఎవరికీ యాదికి లేదు. బ్యాంకోళ్లు మాత్రం మెసేజ్ పంపారు.

ఆండాళు సంబరంగా ఫోటో తీసుకుపోయి చూపిస్తే జానమ్మ కండ్లద్దాలు సవరించుకుంది.

"ఇది ఎదుగుడు కాదు మేడం. వెలుగు దొరకక మెడ సాపుడు. ఆకుకు ఆకుకు నడుమ సందు సూడు. రంగు సూడు, ఎట్ల పాలిపోయిందో."

పొద్దుటి ఎండ చూపించమంది. మధ్యాహ్నం ఎండ వద్దు, కాలుతుందంది. నీళ్లు పదిరోజులకోసారి చాలంది.

ఇంటికి పోతూ ఆండాళు ఆ సందు గురించే ఆలోచించింది. తనను కూడా చుట్టాలందరూ ఇట్లనే మెచ్చుకుంటారు. శివకుమార్ భార్య ఎంత నెమ్మదస్తురాలు, ఆ ఇంట్లో ఎంత మంచిగ ఒదిగింది అంటారు. అన్నం వడ్డిస్తుంటే అంటారు, అంట్లు తీస్తుంటే అంటారు. అంటూనే ఇంకొంచెం పప్పు వేయించుకుంటారు. ఒక్కరన్నా దగ్గరికొచ్చి ఆకుల నడుమ సందు చూశారా అంటే, లేదు.

మర్నాడు మొక్కను డాబా మీద పెట్టి బడికి పోయింది. మధ్యాహ్నం నీడకు తీసేవాళ్లు లేక, సాయంత్రం వచ్చేసరికి రెండు ఆకులు అప్పడం లెక్క కాలి ఉన్నాయి. కుండీలో నీళ్లు నిలిచి ఉన్నాయి. నీళ్ల మీద పసుపు, కుంకుమ తేలుతున్నాయి. అత్తమ్మ తానం చేసి తులసికి నీళ్లు పోసి, పక్కన కొత్త కుండీ కనిపిస్తే దానికీ ఓ చెంబు పోసి దండం పెట్టుకుంది. పైన కాలింది, కింద నానింది. దీనికి ఇన్ని నీళ్లు వద్దు అత్తమ్మా అని ఆండాళు మెల్లగా చెప్పింది.

అత్తమ్మ గుమ్మంలో కూలబడి కొంగుతో విసురుకుంది. "గంత సుకుమారంది ఎందుకు తెచ్చినవ్? మేం రాలేదా ఈ ఇంటికి? మాకెవరు సూపిచ్చిన్రు ఎండ?"

అత్త నోట విన్నవాటిలో ఇంత నిజమైన మాట ఇంకోటి లేదనిపించింది ఆండాళుకు.

ఇగ మిగిలింది హాలులో తూర్పు కిటికీ. ఇంటి మొత్తానికి పొద్దుటి ఎండ వచ్చేది అక్కడే. ఆ కిటికీ గూట్లో శివకుమార్ షీల్డులు తొమ్మిది ఉన్నాయి. అతనికి మార్కెట్ దగ్గర ఎరువుల దుకాణం. కౌన్సిలర్ కావాలని ఆశ. కబడ్డీ పోటీలకు, వాలీబాల్ పోటీలకు పిలిస్తే పోయి స్టేజీ మీద కూర్చుంటాడు. లేచేటప్పుడు ఒక శాలువా, ఒక షీల్డు ఇస్తారు. తొమ్మిదిలో ఒక్కటీ ఆడి గెలిచింది కాదు. దుమ్ము పడుతుందని ఆ కిటికీ తెరవనియ్యడు. అయినా పడుతుంది. ఆదివారం ఆదివారం ఆండాళే తుడుస్తుంది. జానెడు జాగ ఇయ్యమని అడిగింది. శివకుమార్ చాలాసేపు ఆలోచించాడు. అతను పిసినారి కాదు, ఇచ్చే మనిషే.

"ఆదివారం పెట్టుకో. తుడిచేటప్పుడు ఎట్లాగూ షీల్డులు తీస్తవ్ గదా. అరగంటన్న తగులతది" అన్నాడు.

సోమవారం ఆండాళు మొక్కను టిఫిన్ సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. సూర్యాపేట నుంచి కోదాడకు గంట. పోయేటప్పుడు పొద్దు ఎడమ పక్క ఉంటుంది. ఎడమ కిటికీ పక్కన కూర్చుని కుండీని ఒళ్లో పెట్టుకుంది. ఎండ నేరుగా ఆకుల మీద పడింది. కండక్టర్ సైదులు ఆమెకు ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్ కొట్టి, ఒళ్లోకి చూసి ఆగాడు.

"ఆడదేనా మేడం? మగదైతే పైసలియ్యాలె."

"ఆడదే. పొద్దుగాల లేచి బస్సెక్కింది, ఇంకా తినలేదు" అంది ఆండాళు. తానే ఆశ్చర్యపోయింది. ఆమె హాస్యమాడి ఎన్నేండ్లయిందో.

కోదాడలో దిగి ఆటోలో చిలుకూరు. బడిలో బల్ల మీద ఇంకాసేపు ఎండ. ఇక్కడనే ఉంచరాదా అంది జానమ్మ. ఉంచొచ్చు, కోతులు ఉంచవు. అందుకని సాయంత్రం మళ్లీ సంచిలోనే ఇంటికి. మూడు వారాలకు నడుమ నుంచి కొత్త ఆకులు దగ్గర దగ్గరగా వచ్చాయి. అంచులకు ఎర్రరంగు దిగింది. ఆండాళుకూ ఆ గంట అలవాటైంది. ఆ గంటలో ఉప్పు డబ్బా ఎక్కడుందని ఎవరూ అడగరు. పల్లీలు తింటుంది. ఒక ఆలోచన మొదలుపెడితే మునగాల దాటేసరికి దాన్ని చివరిదాకా ఆలోచిస్తుంది. ఇంట్లో సగంలో వదిలేసిన ఆలోచనలు ఇరవై ఏండ్లవి ఉన్నాయి. రోజుకొకటి తీసుకుంది.

అప్పుడు టీచర్ల బదిలీలు వచ్చాయి. అన్నం కలుపుతూ శివకుమార్ సంగతి చెప్పాడు. తెలిసినాయనతో మాట్లాడాడట. మన ఇంటెనక గల్లీలోనే బడి అట. పన్నెండున్నరకు వచ్చి జర వేడిగ వండి పోవచ్చు, అమ్మకు గోలీలు వేయొచ్చు, దుకాణానికి చాయ్ పంపొచ్చు, నీకే సుఖం అన్నాడు. అందులో తన సుఖం ఏదా అని ఆండాళు వెతికింది. దొరకలేదు. ఆలోచిస్తా అంది.

"ఆలోచించేదేముంది. నేను ఆలోచించిన గదా" అన్నాడు.

మర్నాడు బస్సు మునగాల దగ్గరికి వస్తుండగా ఫోన్ చేశాడు. అతని గొంతు హుషారుగా ఉంది.

"ఆన్‌లైన్ సెంటర్ల ఉన్న. నీ కోసం పొద్దుగాలనే తెరిపిచ్చిన. బదిలీ ఫారం నింపుడు అయిపోయింది. నీ ఫోన్‌కు ఓటీపీ వచ్చి ఉంటది, చెప్పు. ఖతం చేసుకొని పోత."

వచ్చింది. ఆరు అంకెలు. కింద ఇంకో ముక్క కూడా ఉంది, ఈ సంఖ్య ఎవరికీ చెప్పవద్దని. ఆండాళు దాన్ని రెండుసార్లు చదివింది. పెండ్లయినంక ఏ ఆఫీసూ ఆమెకు ఇంత మంచి సలహా ఇయ్యలేదు.

"ఎవరికీ చెప్పొద్దని రాసిన్రు" అంది.

"నేను ఎవరినే? నీ మొగుణ్ని."

"ఫారం నింపేటప్పుడు నన్ను అడగలే మీరు. పోయేది నేను. నేను చిలుకూరు బడి ఇడిసిపెట్ట."

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది. అతని గొంతు చిన్నగా వచ్చింది.

"మరి మధ్యాహ్నం అన్నం?"

ఆండాళు కుండీని జర తిప్పింది, ఎండ తగలని పక్క ఇటు వచ్చేటట్టు.

"పెన్ను చేతిల ఉన్నదా?" అంది.

"ఉన్నది, చెప్పు చెప్పు" అన్నాడు అతను ఆశగా.

"రాసుకోండ్రి. బియ్యం ఒక గ్లాసు, నీళ్లు రెండు, విజిళ్లు మూడు."