ఊడని రాతబల్ల

రంపాలమ్మ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. తండ్రి వదిలిపోయిన వడ్రంగి కొట్టు ఆమెది. ఆమె మొగుడికి వీధి పెట్టిన పేరు గ్రంథం గారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ తీరిక దొరికితే గ్రంథం రాస్తానన్నాడు, తీరిక దొరికాక చోటు కుదిరితే రాస్తానన్నాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అంకితం ఎవరికివ్వాలో మాత్రం ఎప్పుడో తేల్చేశాడు.

ఈ ఏడు పాత వ్యాను ఒకటి కొన్నాడు. లోపల పొయ్యి, కుళాయి, పడక అన్నీ ఉన్నాయి. ఊళ్లు తిరుగుతూ అందులోనే రాస్తాడట. చక్రాల కొంప అని వెక్కిరించింది గానీ, రంపాలమ్మ లోలోపల మురిసిపోయింది. పెళ్లయిన దగ్గర్నుంచి రంపపు పొట్టు తప్ప ఆమె చూసింది లేదు. ఒక్కసారి సముద్రం చూడాలని ఆశ. అందుకే బల్ల చెయ్యమనగానే మిగతా పనులన్నీ మూలన పడేసింది.

"ఊడదీసేలా చేస్తానండీ. పగలు రాసుకోండి. పడుకునేటప్పుడు బల్ల తీసేస్తే, బెంచీ కింద నుంచి మంచం లాగొచ్చు," అంది.

ఆయన విననే లేదు. ఆయనకు వంకలు పెట్టడం మాత్రమే వచ్చు. మోచెయ్యి ఆనట్లేదన్నాడు. కాగితాలకు చోటు చాలదన్నాడు. ఇంకో జానెడు పెంచమన్నాడు. పెంచితే, "రంపం పట్టిన చేతికి రాత విలువేం తెలుస్తుంది!" అని కొట్టుకొచ్చినవాళ్ల ముందే ఎకసెక్కాలాడాడు. ఆమె పళ్లబిగువున భరించి మళ్లీ చిత్రిక పట్టింది. సముద్రం కోసం ఆ మాత్రం పడొచ్చనుకుంది.

బయలుదేరే రోజు సామాన్లతో పాటు తన సంచీ కూడా వ్యానులో పెట్టింది. ఆయన దాన్ని వేలితో ఎత్తి పట్టుకున్నాడు.

"ఇదేంటి?"

"నా బట్టలండీ."

ఆయన సాగనంపడానికి వచ్చిన తమ్ముడి వైపు తిరిగి పకపకా నవ్వాడు. "విన్నావురా? మీ వదిన కూడా తయారైంది! ఒసేయ్, నేను వెళ్లేది రాయడానికి. నీ దగ్గూ నీ గురకా వింటూ ఏం రాయను? బల్ల చేసినవాళ్లని బల్లతో పాటు మోసుకెళ్తారా ఎవరైనా?"

"పైగా జిగురు కంపు, అన్నయ్యా," అన్నాడు మరిది.

ఆమెకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఇసుకలో నడవడానికి కొనుక్కుని అందులో పెట్టుకున్న కొత్త చెప్పులు వాళ్లు ఎక్కడ చూస్తారోనని సంచీ లాక్కుంది.

"అన్నట్టు, ఆ బల్ల ఊగుతోంది. తీసేదీ పెట్టేదీ నాకొద్దు. కదలకుండా బిగించి పారెయ్."

"బిగిస్తే మంచం..."

"నీ మంచం గోల నాకెందుకే? నువ్వు రావట్లేదుగా!"

ఆమెకు అప్పుడర్థమైంది. ఇన్నాళ్లూ ఆ మంచం ఆమె కోసమేనని ఆయన అనుకున్నాడన్నమాట! వ్యానులో ఉన్న మంచం అదొక్కటే. బల్ల తీస్తే గానీ అది బయటికి రాదు. అది రాకపోతే మిగిలేది బెంచీ, దాని మీద పసిపిల్లలైతేనే పడతారు. ఆయనదేమో భారీ విగ్రహం, పైగా ఏళ్ల తరబడి నడుంనొప్పి. ఏనాడూ తన పక్క తాను వేసుకున్న పాపాన పోలేదు గనుక, ఆ మంచం ఒక్కసారి లాగి చూద్దామని కూడా ఆయనకు తట్టలేదు.

"ఇక ఊడదు మరి. పర్వాలేదా?"

"ఊడకూడదనేగా నేను మొత్తుకునేది!"

"మీ ఇష్టం," అంది.

జిగురు పూసింది. పొడవాటి మరలు ఏరి బిగించింది. మర తలలు కనిపించకుండా చెక్క బిరడాలు దిగ్గొట్టి, నున్నగా చిత్రిక పట్టింది. ఇంత శ్రద్ధగా ఆమె జన్మలో ఏ పనీ చెయ్యలేదు. ఇప్పుడది రంపం పెట్టి కోస్తే తప్ప రాదు.

ఆయన బల్ల మీద చరిచి చూశాడు. "కొండలా ఉంది! పనంటే ఇదీ!" అన్నాడు. కాపురంలో ఆమె విన్న మొదటి మెచ్చుకోలు అది. "పక్కబట్టలు పెట్టావా?"

"పెట్టానండీ. మెత్తటి దిండు కూడా పెట్టాను."

వ్యాను కదిలింది. రంపాలమ్మ కిటికీ దాకా పరుగెత్తుకెళ్లి, "నడుం జాగ్రత్తండీ!" అని నవ్వుతూ చెప్పింది.

తర్వాత సంచీలోంచి కొత్త చెప్పులు తీసి వేసుకుని, వెళ్లి కొట్టు తెరిచింది.