నిమ్మ ఉప్పు

నీళ్ల వదిన ఫిల్టరు మూత విప్పి, లోపలి జల్లెడను పాత పళ్ల బ్రష్షుతో రుద్దుతోంది. ఆ సేంద్రియ తోటలో ఆమెకదే పేరు. ఆమె కంటే పెద్దవాళ్లు కూడా వదినా అనే పిలుస్తారు. బోరు నీళ్ల ఒండ్రు గోళ్లలోకి దిగితే ఇంటికెళ్లి ఎంత తోమినా పోదు. జల్లెడ బిగించి, గాజు గొట్టంలో నీళ్లు పట్టి, నీళ్ల గుణాన్ని రంగులో చూపే మందు చుక్క వేసింది. నీలం. ఈ బోరుకు సున్నం గుణం ఎక్కువ. తొట్టిలో ఆ సున్నాన్ని విరిచే పుల్లటి నిమ్మ ఉప్పు చల్లి కర్రతో కలిపాక, రెండోసారి లేత ఆకుపచ్చ వచ్చింది. మట్టికి అదే కావాలి.

ఈ పని మొదట ఆమె భర్తది. ఒక ఏడాది టమాటా ఆకులు పాలిపోతే, మట్టి పని చూసే మరిది "నీళ్లు బాగాలేవమ్మా, అన్నయ్య పట్టించుకోవట్లేదు" అని యజమానురాలితో అనేశాడు. అసలు సంగతి అతను మడుల్లో బస్తాలకు బస్తాలు బూడిద పోయడం. బూడిద ఎక్కువైతే మట్టిలోనూ ఆ సున్నం గుణమే పెరుగుతుంది. అన్న పని పోయింది. తమ్ముణ్ణి పల్లెత్తు మాట అనకుండా మంచమెక్కి, దిగకుండానే పోయాడు. మరిది మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు తిరిగాడు. భర్తకున్నంత మంచితనం ఆమెకు లేదు, కావాలనీ అనుకోలేదు. అదే పనిలో చేరి, కడుపులో నిప్పు ఆరనివ్వకుండా కాచుకుంది.

ఈ రోజు మరిదే పంపు గదికి వచ్చాడు.

"వదినా, మిరప మడిలో ఆకు పసుపు తిరుగుతోంది. బూడిద కాస్త ఎక్కువ పడింది. కొన్నాళ్లు నీళ్లు పుల్లగా వదులు, అమ్మగారికి తెలియకుండా సర్దేద్దాం."

"అప్పుడు కూడా బూడిదేగా?"

"పాతవి ఇప్పుడెందుకు?"

"అమ్మగారి ముందు ఆ ఒక్క మాట చెప్పు. ఎంత పులుపంటే అంత కలుపుతాను."

"చెబితే నన్ను ఉంచుతారా?"

"మీ అన్నను ఉంచారా?"

అతను వెళ్లిపోయాక, శుద్ధి చేయని నీళ్ల వాల్వు మీదికి ఆమె చెయ్యి పోయింది. సున్నపు నీళ్లు వదిలితే ఆ మడి ఇంకా త్వరగా పాడవుతుంది. కానీ తప్పు నీళ్లు వదిలితే అతని అబద్ధం నిజమైపోతుంది. చెయ్యి వెనక్కి తీసుకుని, రోజూ వదిలే నీళ్లే వదిలింది.

మధ్యాహ్నం యజమానురాలు మిరప మడి దగ్గర ఆగింది. "నీళ్లేమోనమ్మా" అన్నాడు మరిది, ఈసారి కూడా. యజమానురాలు నీళ్ల వదిన చేత గాజు గొట్టం, మందు తెప్పించింది. తొట్టి నీళ్లు లేత ఆకుపచ్చ. మడిలో మట్టి కలిపి తేర్చిన నీళ్లు ముదురు నీలం. నీళ్ల వదినకు సంతోషం వేసింది, దాచుకోలేదు.

"ఆయన నీళ్లు కూడా ఇలాగే ఉండేవమ్మా."

"ఎవరివి?" అంది యజమానురాలు.

మరిది తల వంచుకుని, "మా అన్నయ్యవి" అన్నాడు. అంతకు మించి చెప్పలేదు. నీళ్ల వదినకది చాలలేదు.

సాయంత్రానికి మరిదికి లెక్క చూసి పంపేశారు. గేటు దాటి వెళ్లిపోయాడట. పంపు గదికి తాళం వేయబోతుంటే గడప పక్కన రబ్బరు బూట్లు కనిపించాయి, బురద కడిగి జతగా పెట్టినవి. ఆమె భర్తవి, ఆయన పని పోయిన రోజున మరిది తన కాళ్లకు తొడుక్కున్నవి. ఎడమ బూటు మడమ దగ్గర ఆయన అతికించిన సైకిలు ట్యూబు ముక్క ఇంకా ఊడలేదు.