ఎల్డన్ అడిగి తెచ్చిన బంతి

పదిహేడో నంబరు చొక్కా వీపు మీద పేరుపట్టీ ఊడదీస్తున్నాడు ఎల్డన్ క్రౌస్. చిన్న కత్తెర మొనతో ఒక్కో కుట్టూ ఎత్తి, తెంపి, దారపు పోగుల్ని ఒళ్ళో రాల్చుకుంటున్నాడు. పోయిన శనివారం ఆ చొక్కా తొడుక్కుని ఆడినవాడు బుధవారం చెప్పాపెట్టకుండా టెక్సాస్ వెళ్ళిపోయాడు. వాడి బదులు వచ్చినవాడి పేరు మరీ పొడుగు. ఈ చివరి భుజం నుంచి ఆ చివరి భుజం దాకా కుట్టినా ఇంకా రెండక్షరాలు మిగులుతున్నాయి. ఈ ఏడు ఆ చొక్కా మీద ఇది ఐదో పేరు. గుడ్డ జల్లెడైపోయింది. సూది దింపితే పట్టు దొరకడం లేదు.

అరవై మూడేళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళు ధాన్యం గోదాముల్లో పనిచేసిన చేతులు. ఎడమచేతి బొటనవేలి గోరు ఎప్పుడో గొలుసు కింద నలిగి నల్లబడింది, మళ్ళీ తెల్లబడలేదు. కళ్ళజోడు మెడలో తాడుకు వేలాడుతుంటుంది. అది పెట్టుకుంటే సూది కనిపిస్తుంది కానీ ఎదుటి మనిషి మసకబారతాడు. అందుకని ఎవరైనా గదిలోకి వస్తే జోడు పైనుంచి తలెత్తి చూస్తాడు. ఆ చూపు చూసి కొత్త కుర్రాళ్ళు, ఈ పెద్దాయనకు కోపం కాబోలు అనుకుంటారు. కోపం ఏమీ లేదు.

నెబ్రాస్కాలో ఆర్డెల్ అనే ఆ ఊళ్ళో, పశువుల ప్రదర్శనలూ ట్రాక్టర్ల అమ్మకాలూ జరిగే కౌంటీ హాల్లో, మెట్ల కింద గది అతనిది. బట్టలుతికే యంత్రాలు రెండు, వాటిలో ఒకటే తిరుగుతుంది. శిరస్త్రాణాల అర, భుజకవచాల కొక్కేలు, మురికి చెమట వాసన. అక్కడే పదకొండేళ్ళు గడిపాడు. ఆ పదకొండేళ్ళలో నాలుగు ఫుట్‌బాల్ జట్లు వచ్చాయి. ట్విస్టర్స్ అని మొదటిది, రెండేళ్ళు నడిచింది. తర్వాత మూడేళ్ళు ఏమీ లేదు. ఆపైన బుల్స్ వచ్చింది, అది పోయి బ్యాడ్జర్స్, అది ఏడే ఆటలు ఆడింది. ఇప్పుడు క్రేన్స్, అంటే కొంగలు. ఆ పేరు విన్న రోజున ఎల్డన్ భార్య ఆర్లిస్ పొట్ట పట్టుకుని నవ్వింది. "మన నది మీద వాలే కొంగల పేరా? అవి ఏప్రిల్‌కల్లా ఎగిరిపోతాయని మీ ఓనరుకు ఎవరూ చెప్పలేదూ?" అంది.

లీగులూ అంతే. ఒక లీగులో చేరి నాలుగు ఆటలు ఆడేసరికి అది చీలిపోయేది. చీలిన ముక్కలో చేరితే అది ఇంకోదాంట్లో కలిసేది. నేలమీద పరిచే పచ్చ తివాచీ మాత్రం అదే. మధ్యలో కొంగ బొమ్మ వేశారు కానీ దాని రంగు కిందనుంచి పాత జట్టు గుర్తు, బ్యాడ్జర్ జంతువు మూతి ఇంకా తెలుస్తూనే ఉంటుంది, కొంగకు మీసాలు మొలిచినట్టు.

జట్లు పోయాయి, ఎల్డన్ పోలేదు. తాళాల గుత్తి అతని నడుముకే ఉంది. "నువ్వెలా నిలిచావయ్యా?" అని ఊళ్ళోవాళ్ళు అడిగితే, "చొక్కాలు ఉతికేవాడు ఎవరికైనా కావాలిగా," అనేవాడు. అది సగం నిజం. మిగతా సగం ఆర్లిస్‌కు కూడా చెప్పుకోలేదు.

బ్యాడ్జర్స్ మూతపడబోతున్న సంగతి అప్పటి ఓనరు అతనికి మూడు రోజుల ముందే చెప్పాడు, ఎవరితో అనొద్దన్నాడు. ఎల్డన్ అనలేదు. గురువారం నాడు కొత్త ఆటగాడొకడు భార్యనూ చంటిబిడ్డనూ వెంటబెట్టుకుని, అద్దె బండి నిండా సామాను వేసుకుని ఒహాయో నుంచి దిగాడు. వాళ్ళ ఉయ్యాల ఒక కొస ఎల్డనే పట్టుకుని లాడ్జీ మెట్లెక్కించాడు. "చల్లగా తాగండి," అని ఆ బిడ్డ తల్లి అతనికి నిమ్మరసం కూడా ఇచ్చింది. తాగాడు. శుక్రవారం పొద్దున హాలుకు తాళం పడింది. ఆ తర్వాత ఎల్డన్ నిమ్మరసం ముట్టలేదు.

పది గంటలకు మేనేజరు హోయల్ వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. ఆ తలుపు వేసిన తీరు చూడగానే ఎల్డన్‌కు తెలిసిపోయింది. సూది గుడ్డలో అలాగే ఆగింది.

"నిన్న సాయంత్రం బీమావాళ్ళు చేతులెత్తేశారు," అన్నాడు హోయల్. "ఓనరు ఫోనెత్తడం లేదు. ఈ వారంలోనే మరో రెండు ఊళ్ళ జట్లు మూసేశారు. సోమవారానికి లీగే ఉండదు."

"మరి ఇవాళ ఆట?"

"ఆడిద్దాం. తొమ్మిది వందల మంది వస్తున్నారు."

"బీమా లేకుండానా? ఎవడికైనా కాలో చెయ్యో విరిగితే?"

"ఒక్క పూటేగా ఎల్డన్! ఆట కాగానే నేనే చెప్తాను. నువ్వు మాత్రం నోరు మెదపకు." హోయల్ మరకపడ్డ చొక్కా ఒకటి ఎత్తి చూసి మళ్ళీ బుట్టలో పడేశాడు. "ఓమహాలో ఇద్దరున్నారు, వచ్చే ఏడు ఇక్కడ జట్టు పెడతామంటున్నారు. నీ పేరు చెప్పాను. 'వాడి చెవిన పడ్డ మాట బయటకు పోదు' అన్నాను. సరేనా?"

ఎల్డన్ గుడ్డను వెలుతురుకేసి తిప్పుకున్నాడు. సూది మళ్ళీ కదిలింది.

పన్నెండింటికి సెమీసీ వచ్చాడు. టోంగా దీవులవాళ్ళ పిల్లవాడు, సాల్ట్‌లేక్‌లో పెరిగాడు. ఇరవై ఆరేళ్ళు, ద్వారబంధం పట్టని మనిషి. వారమంతా టైర్ల కొట్లో లారీ చక్రాలు ఎత్తుతాడు, శనివారం ఇక్కడ ముందువరసలో నిలబడి కొండలాంటివాళ్ళను నెడతాడు. పట్టీలు కట్టే మనిషి రెండు వారాల క్రితమే మానేశాడు, ఇప్పుడు ఆ పనీ ఎల్డన్‌దే. సెమీసీ బల్ల మీద కూర్చుని కుడికాలు చాపాడు. మోకాలి మీద పాత కోత గీత వానపాములా మెరుస్తోంది.

"గట్టిగా బిగించు అంకుల్. ఇవాళ మా పిన్ని వస్తోంది చూడ్డానికి. పది గంటలు కారు నడుపుకుంటూ. నేను కిందపడితే గోడ దూకి లోపలికొచ్చేస్తుంది, చెప్పలేం."

"నొప్పుందా?"

"మెట్లు దిగేటప్పుడే. ఎక్కేటప్పుడు లేదు. అందుకే ఎప్పుడూ పైకే పోదామనుకుంటున్నా." వాడు పెద్దగా నవ్వాడు. తర్వాత మోకాలు తడిమి చూసుకుని, "అంకుల్, ఇది మళ్ళీ పోతే కోత ఖర్చు జట్టే చూసుకుంటుందిగా? టైర్ల కొట్లోవాళ్ళు పైసా ఇవ్వరు," అన్నాడు.

పట్టీ చుట్ట ఎల్డన్ చేతిలో ఒక తిరుగు తిరిగి ఆగింది. గదిలో ఇంకెవరూ లేరు. చెప్పడానికి రెండు మాటలు చాలు.

"కదలకు," అన్నాడు ఎల్డన్. "ముడత పడుతోంది."

ఇంకో రెండు వరసలు ఎక్కువే చుట్టాడు. మాట చేయాల్సిన పని పట్టీ చేస్తుందన్నట్టు.

మూడింటికి ఆట మొదలైంది. కాలితో తన్నే ఆట కాదది. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని, భుజాలతో ఒకరినొకరు గుద్దుకుంటూ ముందుకు తోసుకుపోయే ఆట. పైన కప్పు, చుట్టూ దూది పొదిగిన చెక్కగోడలు. గోడ అవతలి మొదటి వరుసలో కూర్చున్నవాళ్ళ ఒళ్ళోకి మనుషులు పడతారు, బంతులూ పడతాయి. పడిన బంతి పట్టుకున్నవాళ్ళదే. ఈ ఆట పుట్టినప్పటి నుంచీ అదే మర్యాద. జనం టికెట్టు కొనేది సగం అందుకే.

కానీ క్రేన్స్ దగ్గర ఆ రోజు ఉన్నవి నాలుగే బంతులు. బంతులు ఇవ్వాల్సింది ఆట ఎక్కడ జరిగితే అక్కడి జట్టే. అందుకని హోయల్ ఎల్డన్‌ను గోడ దగ్గర నిలబెట్టాడు, పడిన ప్రతి బంతినీ అడిగి తెమ్మని. మొదటి బంతి దక్కించుకున్న తాగుబోతు దాన్ని చొక్కా లోపల దాచుకుని, "నాకు నెలలు నిండాయి, తాకకు!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వారు. రెండోది తిరిగొచ్చింది కానీ ఎగతాళిగా ఎల్డన్ నెత్తిన పడేలా విసిరారు. తర్వాత అదీ పోయింది, ఇంకోటీ పోయింది. మూడో భాగం సగంలో చివరి బంతి గోడ దాటి ఓపల్ స్వొబొడా ఒళ్ళో పడింది.

ఎనభై రెండేళ్ళ ముసలమ్మ. ఎల్డన్ చిన్నప్పుడు బడి బస్సు నడిపింది ఆవిడే. నాలుగు జట్లకూ ఆవిడ కుర్చీ అదే, ఒళ్ళో దుప్పటీ అదే. రిఫరీ ఈల ఊది ఆట ఆపాడు. తొమ్మిది వందల మందీ ఎల్డన్ వంక చూశారు. అతను గోడ తలుపు తీసుకుని మెట్లెక్కాడు.

"ఒరే ఎల్డన్! ఇచ్చిన బంతి వెనక్కి అడగడానికి సిగ్గులేదట్రా?"

"ఉందండీ. ఇవ్వండి ఓపలమ్మగారూ."

"మీ ట్విస్టర్ల బంతి నా టీవీ మీదుంది. బుల్స్ బంతికి గాలి పోయింది నా మాదిరే. బ్యాడ్జర్లదాన్ని కుక్క కొరికింది. ఒక్కడైనా వెనక్కడిగాడా?"

"ఇదొక్కటే మిగిలిందండీ. ఇది లేకపోతే ఆట ఆగిపోతుంది."

"ఆగిపోనీ. ఇంటికెళ్ళి సూప్ కాచుకుంటా."

ఆగిపోనీ. ఆ మాట ఎల్డన్ చెవిలో పడి అక్కడే నిలిచింది. ముసలమ్మ ఇవ్వనంటోంది అని చేతులు ఊపుతూ మెట్లు దిగిపోతే చాలు. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. మాట తప్పినట్టూ కాదు. ఆట ఆగుతుంది, అందరి కాళ్ళూ చేతులూ వాళ్ళవి వాళ్ళకుంటాయి. అంత సుళువైన దారి అతని జన్మలో ఎప్పుడూ దొరకలేదు. కింద గోడ దగ్గర హోయల్ నిలబడి, తెచ్చెయ్ అని చెయ్యి ఊపుతున్నాడు.

"మళ్ళీ మూసేస్తున్నారట్రా?" ఓపల్ గొంతు తగ్గించింది. "నిజం చెప్పు. బస్సులో అబద్ధమాడితే నీ చెవి ఎర్రబడేది."

"లేదండీ," అన్నాడు ఎల్డన్. "వచ్చే శనివారం కూడా ఆటుంది."

ఆవిడ అతని చెవి వంక చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత బంతిని దుప్పటి అంచుతో తుడిచి, అతని చేతుల్లో కాదు, పక్క కుర్చీలో పెట్టింది. అతను వంగి తీసుకున్నాడు.

ఆ బంతితో ఆట మళ్ళీ మొదలై రెండు ఎత్తులు నడిచాయి. రెండోదాంట్లో అవతలివాళ్ళు ముగ్గురు సెమీసీని గోడకేసి కొట్టారు. పై ఒళ్ళు గోడకు, కాలు తివాచీకి, మధ్యలో మోకాలు. ఎల్డన్ చుట్టిన పట్టీ చుట్టినట్టే ఉంది. లోపలి కాలు మాత్రం పక్కకు తిరిగిపోయింది. వాడు అరవలేదు. నోరు తెరిచి కప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు, ఎవరో ఏదో చెప్తుంటే వింటున్నట్టు.

వాణ్ణి పక్కకు మోసుకుపోయాక మిగతా ఆట పూర్తయింది. క్రేన్స్ గెలిచారు కూడా. హోయల్ బట్టల గదిలో నిలబడి నాలుగు వాక్యాల్లో సంగతి చెప్పి, ఒక్క ప్రశ్నైనా రాకముందే వెళ్ళిపోయాడు. కుర్రాళ్ళు కొందరు తిట్టారు, ఒకడు శిరస్త్రాణాన్ని గోడకేసి కొట్టాడు. ఆ తర్వాత సంచులు సర్దుకుని ఒక్కొక్కరూ బయటపడ్డారు. పదిహేడో నంబరువాడు తన చొక్కా జాగ్రత్తగా మడతపెట్టి ఎల్డన్‌కు అందించి, పేరు బాగా కుట్టావని చెప్పి మరీ వెళ్ళాడు.

సెమీసీ మెట్ల కింద గదిలో బల్ల మీద పడుకుని ఉన్నాడు. అవతలి జట్టులో పట్టీలు కట్టే మనిషి అట్టముక్కలు పెట్టి కాలు కట్టి పోయాడు. పిన్ని కారు వెనక్కి తిప్పుతోందట, సాల్ట్‌లేక్‌లో తెలిసిన డాక్టరున్నాడట, దారి పొడుగునా ఐసు మార్చుకుంటూ పోతారట. ఎల్డన్ వాడి సామాను సంచిలో సర్దుతున్నాడు, తల ఎత్తకుండా.

"అంకుల్," అన్నాడు సెమీసీ. "నీక్కూడా చెప్పలేదు కదూ వాళ్ళు?"

ఎల్డన్ సంచి జిప్పు లాగాడు. అది సగంలో చిక్కుకుంది.

"పాపం," అన్నాడు సెమీసీ. "పదకొండేళ్ళు చేశావు. నిన్నూ మోసం చేశారు."

"సెమీసీ, నేను..."

అప్పుడే పిన్ని వచ్చింది. భారీ మనిషి, ఏడ్చి తుడుచుకున్న ముఖం. ఆట అయ్యాక పిల్లవాడి మెడలో వేద్దామని ఇంట్లో కూర్చుని గుచ్చి తెచ్చిన మిఠాయిదండ ఆమె మోచేతికి వేలాడుతోంది. వేద్దామని చేతులు చాపింది. సెమీసీ తల అడ్డంగా ఊపి, వాళ్ళ భాషలో ఏదో అని, ఎల్డన్ వైపు చూపించాడు.

"నా మోకాలు చూసింది ఈయనే," అన్నాడు ఇటు తిరిగి. "వద్దనకు అంకుల్. వద్దంటే మా పిన్ని నొచ్చుకుంటుంది."

ఆమె రెండు చేతులా దండ ఎత్తి ఎల్డన్ మెడలో వేసి, చెంప మీద ముద్దు పెట్టింది. ఆమె చెంప తడిగా ఉంది. ఎల్డన్ చేతులు రెండు పక్కలా వేలాడుతూ ఉండిపోయాయి. ఆమె పిల్లవాడిని భుజానికెత్తుకున్నట్టు లేపింది. ఎల్డన్ ఇంకో పక్క పట్టుకున్నాడు. ముగ్గురూ కలిసి మెట్లెక్కి కారు దాకా వెళ్ళారు. వెనక సీట్లో కాలు పొడుగునా చాపి కూర్చోబెట్టారు. కారు బయట రోడ్డెక్కి, పడమటి ఎండలోకి తిరిగి, చిన్నదైపోయింది.

ఎల్డన్ తిరిగొచ్చి తాళాల గుత్తి నడుము నుంచి ఊడదీశాడు. కాసేపు చేతిలో పట్టుకున్నాడు. మళ్ళీ అక్కడే తగిలించుకున్నాడు. దీపం ఆర్పి, తలుపు వేసి, ఇంటికి నడిచాడు.

గదిలో భుజకవచాల కొక్కేనికి, అతను మెడలోంచి తీసి తగిలించిన దండ వేలాడుతోంది. ఎర్ర కాగితాల్లో చాక్లెట్లు, ఒక్కోదాని పక్కనా ఒక్కో రిబ్బను ముడి. మెడ మీద ఆనినచోట రెండు చాక్లెట్లు ఒంటి వేడికి మెత్తబడి వంగిపోయాయి. మిగతావి చెక్కుచెదరకుండా అలాగే ఉన్నాయి.